ఊరిని ఎరిగిన విశ్వవిద్యాలయం

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి బస్టాండులో పొద్దున్నే నిలబడితే కామారెడ్డి బస్సు కోసం ఎదురుచూసే ఆడపిల్లలు కనిపిస్తారు. భుజాన పుస్తకాల సంచి, చేతిలో సద్ది డబ్బా. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి ఒక దస్తీ లోపల పడుతుంది. ఇక ఆ సీటు ఎవరిదో తేలిపోయినట్టే. కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ తీసి ఇస్తాడు. లింగంపేట, తాడ్వాయి దారిలో గుట్టలూ మక్కచేన్లూ వెనక్కి జరుగుతుంటే, ఎవరో ఒకమ్మాయి ఒళ్లో నోట్సు తెరిచి పెదవులు కదుపుతూ చదువుకుంటూ ఉంటుంది. ఇంటి దగ్గర వాళ్లమ్మ అప్పటికే బీడీల చాట ముందేసుకుని కూర్చుని ఉంటుంది. చాటలో తునికాకు, తంబాకు, దారం. బిడ్డను సాగనంపేటప్పుడు ఆ తల్లి చెప్పేది ఒకటే మాట: ‘పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలె బిడ్డా.’

ఆడపిల్ల ఎంతవరకు చదవాలన్నది ఇక్కడ చాలా ఇళ్లలో ఆ పొద్దే తేలుస్తుంది. ఇంటర్ ఊరి దగ్గర అవుతుంది. డిగ్రీ కామారెడ్డిలోనో బాన్సువాడలోనో అవుతుంది. ఆపై చదువంటే విశ్వవిద్యాలయ ప్రాంగణాలున్న భిక్కనూరు, డిచ్‌పల్లి, కాదంటే హైదరాబాదు. అక్కడికి వచ్చేసరికి ఇంట్లో మాట ఆగిపోతుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఛార్జీ భారం తీరింది. అది చిన్న మేలు కాదు. కానీ సాయంత్రం చివరి క్లాసుకూ ఆఖరి బస్సుకూ మధ్య ఉండే ఆరాటం మాత్రం తీరలేదు. అందుకే ఇలాంటి గుట్టల నడుమ, పల్లెల నడుమ ఒక విశ్వవిద్యాలయం ఉంటే ఎంత బాగుండునన్న ఆశ ఎవరికైనా సహజం. ప్రభుత్వం కట్టకపోతే ప్రైవేటు వాళ్లైనా కట్టకూడదా అన్న మాటా వినిపిస్తుంది. ఆ ఆశను గౌరవిస్తూనే, అలా వచ్చే విశ్వవిద్యాలయం ఎలాంటిదై ఉండాలో కాస్త నిదానంగా ఆలోచించుకోవాలి.

తెలంగాణలో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2018లో వచ్చింది. ఆ చట్టం కింద 2020లో తొలి విడతగా ఐదింటికి అనుమతి లభించింది. బహదూర్‌పల్లిలో మహీంద్రా, మైసమ్మగూడలో మల్లారెడ్డి, ఘట్‌కేసర్ దగ్గర అనురాగ్, సదాశివపేట దగ్గర కంకోల్‌లో వోక్సెన్, వరంగల్‌లో ఎస్ఆర్. నాలుగు హైదరాబాదు చుట్టుపక్కలవి, ఒకటి వరంగల్‌ది. పెట్టుబడి తన లెక్క తాను చూసుకుంటుంది కనుక ఇందులో వింత లేదు. విమానాశ్రయం, పెద్ద రోడ్డు, ఫీజు కట్టగల తల్లిదండ్రులు ఎక్కడుంటే అక్కడికే అది వెళుతుంది. మన రాష్ట్రం ఉన్నత విద్యలో వెనకబడి ఉందనీ అనలేం. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 18-23 ఏళ్ల యువత స్థూల నమోదు 28.4 శాతమైతే తెలంగాణలో అది 40 శాతం. ఆ సగటులో నగరం వాటా ఎంత, ఇక్కడి నాగిరెడ్డిపేట మండలం వాటా ఎంత అన్నదే మనల్ని కలవరపెట్టాల్సిన ప్రశ్న. ప్రతి జిల్లాలో లేదా దాని చేరువలో ఒక బహుళ విభాగాల ఉన్నత విద్యాసంస్థ 2030 నాటికి ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ గడువు ఎంతో దూరంలో లేదు.

కామారెడ్డికి చదువు కొత్త కాదు. 2016 అక్టోబరు 11న జిల్లా కావడానికి ఎన్నో ఏళ్ల ముందే, 1964లో ఇక్కడ డిగ్రీ కళాశాల మొదలైంది. బెల్లం అంగడికి పేరుపడ్డ ఊళ్లో కళాశాల నిలదొక్కుకుందంటే స్థానికుల చేయూత లేకుండా అయ్యే పని కాదు. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి భిక్కనూరులో దక్షిణ ప్రాంగణం ఉంది. కామారెడ్డిలో పాడి సాంకేతిక కళాశాల ఉంది. పాలక్యాన్లు బస్సెక్కే ఊళ్ల మధ్య పాల గురించి చదువు చెప్పే చోటు ఉండటం ఎంత సబబైన సంగతి! ఆ చదువుకు ఈ నేలతో చుట్టరికం ఉంది. కొత్తగా ఏది వచ్చినా ఆ చుట్టరికం కలుపుకోగలదా అన్నదే మొదట చూడాలి.

చదువుకు నేలతో చుట్టరికం కలిపే ఇలాంటి ప్రయత్నం మన తెలుగువారికి బాగా తెలిసిన ఒక చోట జరిగింది. శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి జిల్లా. దాని కేంద్రం పర్లాకిమిడి. చుట్టూ మహేంద్రగిరి కొండల వరస, కొండల మీద సవర గూడేలు, ఊళ్లో ఒడియాతో పాటు తెలుగు మాట. జిల్లా జనాభాలో సగానికి పైగా గిరిజనులే. అక్కడ నష్టాల్లో కూరుకుపోయిన ఒక ఇంజినీరింగ్ కళాశాలను 2005లో ముక్తికాంత మిశ్రా బృందం చేతిలోకి తీసుకుంది. నగరం వదిలి అక్కడికి వెళ్లి కళాశాల నడపడమేమిటని లోకం అనుకునే చోటు అది. 2010లో ఒడిశా శాసనసభ చట్టంతో ఆ కళాశాలే సెంచూరియన్ విశ్వవిద్యాలయమైంది. తరవాత భువనేశ్వర్ దగ్గర, 2017లో మన విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కూడా ప్రాంగణాలు వచ్చాయి.

ఆ సంస్థ పట్టాతో పాటు పనినీ నేర్పింది. బడి మధ్యలో మానేసిన పిల్లలకు కుట్టుపని, వెల్డింగ్, వడ్రంగం నేర్పే శిక్షణను ఇంజినీరింగ్ చదువుకు పక్కనే పెట్టింది. ఇంజినీరింగ్ విద్యార్థి కూడా యంత్రం ముందు నిలబడి చేతులు నల్లబరచుకోవాల్సిందే. అక్కడ అంతా సవ్యంగా ఉందనీ, ఫీజుల బాధ లేదనీ ఎవరూ అనరు. ప్రైవేటు సంస్థకు ఉండే ఇక్కట్లన్నీ దానికీ ఉంటాయి. కానీ కొండ ప్రాంతంలో విశ్వవిద్యాలయం బతకాలంటే కొండవాళ్లకు పనికిరావాలన్న ఎరుక దాని పుట్టుకలోనే ఉంది. మనం తీసుకోవాల్సింది ఆ ఎరుకనే.

పర్లాకిమిడి పేరెత్తాక గిడుగు వెంకట రామమూర్తి గారిని తలచుకోకుండా ఉండలేం. 1880లో ఆయన ఆ ఊరి రాజావారి పాఠశాలలో చిన్న ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి పదిహేడేళ్లవారు. ఊళ్లోకి సంతకు వచ్చే సవరల మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. అర్థం చేసుకోవాలన్న పట్టింపూ ఎవరికీ ఉండేది కాదు. ఆయనకు ఉండింది. సవరలను ఇంటికి పిలిచి, వాళ్ల పక్కన కూర్చుని మాట నేర్చుకున్నారు. గూడేలకు నడిచి వెళ్లారు. ఆ భాషలో పాఠాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ అడవి తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. తగ్గడానికి మింగిన క్వినైన్ వినికిడిని దెబ్బతీసింది. ఒక జాతి మాట వినడం కోసం వెళ్లిన మనిషి చివరికి చెవులు పోగొట్టుకున్నారు. అయినా పని ఆపలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పోరాటానికీ సవర బడికీ మూలం ఒకటే: చదువు మనిషి నోట ఉన్న మాటలోంచి మొదలుకావాలన్న నమ్మకం.

ఆనాడు పర్లాకిమిడిలో విశ్వవిద్యాలయం లేదు. పెద్ద గ్రంథాలయం లేదు, పరిశోధనకు నిధి లేదు. కానీ విశ్వవిద్యాలయం చేయాల్సిన పనిని ఒక బడిపంతులు చేసి చూపించారు. కోట్లు పెట్టి కట్టే ప్రాంగణాలకు ఈ కొలత కఠినంగానే అనిపించవచ్చు. అయినా మనం వదులుకోకూడని కొలత ఇది.

దూరదేశం నుంచి మరో ఉదాహరణ ఉంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో అపలేచియన్ కొండల పాదాల దగ్గర బెరియా కాలేజీ 1855లో పుట్టింది. బొగ్గు గనుల, పేద రైతుల సీమ అది. అది కూడా ప్రైవేటు సంస్థే. 1892 నుంచి విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోవడం మానేసింది. దాతల సొమ్మును మూలధనంగా కూడబెట్టుకుని దాని రాబడి మీద నడుస్తుంది. చేరే ప్రతి విద్యార్థీ వారానికి కొన్ని గంటలు ప్రాంగణంలో పని చేయాలి. మగ్గం నేయడం, చీపుర్లు కట్టడం, పొలం, వంటిల్లు, ఆఫీసు ఏదైనా సరే. ఆ కొండ ప్రాంతపు పిల్లలకే ప్రవేశాల్లో పెద్దపీట. నూట ముప్పై ఏళ్లకు పైగా ఈ పద్ధతి చెక్కుచెదరలేదు. ప్రైవేటు అంటే పేదకు తలుపు మూయడమేనన్న నియమం ఎక్కడా లేదని ఇది చెబుతుంది. కాకపోతే అలాంటి తలుపు తెరవాలంటే లాభం కన్నా దానం, తొందర కన్నా ఓపిక ఎక్కువ ఉన్న చేతులు కావాలి.

మన దగ్గర ఆ చేతులు ఎన్ని? ఈ ప్రశ్న అడగక తప్పదు. గత పాతికేళ్లలో తెలుగునాట రోడ్ల పక్కన ఎన్నో ఇంజినీరింగ్ కళాశాలలు లేచాయి, వాటిలో చాలా మూతపడ్డాయి. పిచ్చిమొక్కలు మొలిచిన ఆ భవనాలు, తుప్పు పట్టిన గేట్లు, వెలిసిపోయిన బోర్డులు ప్రయాణాల్లో మనకు కనిపిస్తూనే ఉంటాయి. ఆ గేటు ముందు తమ భూమి ఉండేదని చెప్పే రైతులూ తగులుతారు. పేద విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంటే ఆధారం. ఆ బకాయిల కోసం 2025లో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించడం చూశాం. ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజులు ఏడాదికి లక్షల్లో ఉంటాయి. చట్టం తెలంగాణ విద్యార్థులకు 25 శాతం సీట్లు కేటాయించింది. కానీ సీటుకు హక్కు ఉన్నా ఫీజుకు దారి లేని తండావాళ్లకు ఆ కేటాయింపు కాగితం మీదే మిగులుతుంది. ఊరి భూమిలో కట్టిన విశ్వవిద్యాలయంలో ఊరి పిల్లలకు తోటపనీ వాచ్‌మన్ పనీ మాత్రమే దొరికితే, ఆ ఊరికి అది మేలు చేసిందని ఎలా అనగలం?

ఇక్కడ ఒక విశ్వవిద్యాలయానికి చదువుకోవాల్సినంత ఉంది. నిజాంసాగర్‌నే తీసుకోండి. 1931 నాటికి నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో మంజీర మీద పూర్తయిన ఈ జలాశయం మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టేది. పూడిక నిండి ఇప్పుడు 18 టీఎంసీలకు కాస్త తక్కువే పడుతోంది. ఆ పూడిక ఎక్కడి నుంచి వస్తోంది, ఎలా తగ్గించాలి, తీసిన ఒండ్రు ఏ చేనుకు పనికొస్తుంది అన్నవి ఎన్నో పరిశోధనలకు సరిపోయే ప్రశ్నలు. ఎల్లారెడ్డికి దగ్గరలోనే పోచారం చెరువు ఉంది. 1916లో మొదలై 1922లో ముగిసిన కట్ట అది. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో ఈ జిల్లా మీద ఆకాశం విరిగి పడ్డట్టు వాన కురిసింది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి కురిసింది. రోడ్లు కోసుకుపోయాయి, కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి జారిపోయింది. నూరేళ్లు దాటిన పోచారం కట్ట మీదుగా వరద దూకుతుంటే కింది ఊళ్లు రాత్రంతా బిక్కుబిక్కుమంటూ గడిపాయి. కట్ట నిలిచింది. అప్పటి మేస్త్రీలు రాళ్లు ఎలా పేర్చారో, మళ్లీ అలాంటి వాన వస్తే ఏం చేయాలో ఇక్కడే కూర్చుని పాఠంగా చదివే విద్యార్థులు మనకు ఉండాలి.

ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. బీడీలు చుట్టే తల్లుల దగ్గు, మెడనొప్పి, కంటిచూపు గురించి ఏళ్ల తరబడి వెంట ఉండి చూసే వైద్య పరిశోధన కావాలి. చేను మీద పడే కోతుల మందకూ అడవిపందులకూ విరుగుడు రైతు ఒక్కడే వెతుక్కుంటున్నాడు. ఇంటికొకరు గల్ఫ్ వెళ్లిన ఊళ్లలో వెళ్లినవాళ్ల కష్టం, తిరిగొచ్చినవాళ్ల చేతి విద్య రెండూ ఎవరి లెక్కలోకీ రావడం లేదు. దుబాయిలో పదేళ్లు ఏసీలు బిగించిన మనిషి ఊరికొచ్చి ఖాళీగా కూర్చుంటే, ఆయనను గురువుగా పిలిచి పాఠం చెప్పించే విశ్వవిద్యాలయం ఉండకూడదా? దోమకొండ కోట పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఆ కోట సున్నం, ఆ రాతిపని నేర్పే కోర్సు ఆ కోటకు చేరువలోనే ఉండటం న్యాయం.

అన్నిటికన్నా ముందు భాష. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట తండాల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బడిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లిష్. మూడు మెట్లు ఎక్కి వచ్చిన పిల్లను తరగతి గదిలో ఎవరూ ఆ మొదటి మెట్టు గురించి అడగరు. ఆమె కూడా దాన్ని దాచుకోవడం నేర్చుకుంటుంది. సొంత లిపి లేని ఆ భాషలో సామెతలు, పాటలు, పశువుల మందుల పేర్లు, చుక్కల పేర్లు ఎన్ని ఉన్నాయో! గిడుగు సవరల పక్కన కూర్చున్నట్టు ఒక అధ్యాపకుడు తండా గడపలో కూర్చుంటే, ఆ పిల్ల తన అమ్మమ్మనే పరిశోధనకు ఆధారంగా చూపించగలదు. తన ఇల్లు తన చదువుకు అడ్డు కాదనీ, అదే తన చదువనీ అప్పుడు తెలుస్తుంది.

ప్రభుత్వానికి ఒక విన్నపం. ప్రైవేటు విశ్వవిద్యాలయం వస్తుందన్న పేరుతో ఉన్నదాన్ని ఎండబెట్టకూడదు. భిక్కనూరు ప్రాంగణానికి అధ్యాపకులు, హాస్టళ్లు, ప్రయోగశాలలు నిండుగా ఉండాలి. అది బలంగా ఉంటేనే పక్కన వచ్చే ప్రైవేటు సంస్థ కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తుంది. అనుమతి ఇచ్చేటప్పుడు భూమి, భవనం, డిపాజిట్ చూస్తున్నారు. వాటితో పాటు ఆ మండలంలోని ఎంతమంది పిల్లలను ఏ ఫీజుకు చేర్చుకుంటారు, చుట్టుపక్కల ఊళ్ల ఏ సమస్య మీద పని చేస్తారు, ఏటా ఆ ఊళ్ల గ్రామసభ ముందు లెక్క చెబుతారా అన్నవీ అడగాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. ఆ సర్పంచుల మాట ఉన్నత విద్యామండలి గదుల్లో వినిపించాలి.

కట్టబోయేవారికీ ఒక మాట. గుట్టను తొలిచి గాజు భవనం లేపడం డబ్బుంటే అయ్యే పని. గుట్ట కింది మనిషి నమ్మకం సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. కడితే ఆ ఏళ్లు పెట్టగల ఓపికతోనే కట్టండి. ఊరికి చదువు చెప్పడానికి వస్తున్నామనుకునే ముందు ఊరి దగ్గర నేర్చుకోవడానికి కొన్నాళ్లు కూర్చోండి. ఇక్కడి రైతుకు వాన లెక్క తెలుసు, గొల్లవారికి గడ్డి లెక్క తెలుసు, బీడీ చుట్టే అమ్మకు బియ్యం లెక్క, బిడ్డ ఫీజు లెక్క తెలుసు.

సాయంత్రం అవుతుంటే ఎల్లారెడ్డి బస్సులో ఆ పిల్లలు తిరిగి ఊరికి వస్తారు. కిటికీ అవతల గుట్టల మీద ఎండ తగ్గుతుంటుంది. ఆఖరి బస్సు ఎన్నింటికని ముందు అడిగి, ఆ తరవాత తన తరగతుల వేళలు రాసుకునే విశ్వవిద్యాలయం ఈ గుట్టల నడుమకు రావాలి. అది ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్నది తరవాతి మాట. ఆ ఒక్క ప్రశ్న అడిగిన నాడు అది ఈ ఊరిదవుతుంది.